దీవాంతరము వెళ్ళిన మా పెద్దముత్తాత

దీవాంతరము అను మాటకు మన పల్లెలలో రెండర్థములు చెప్పుకొందురు. సముద్రము దాటి మఱియొక దీవికి పోవుట ఒకటి. దొరలు శిక్షవేసి అండమానుకు పంపుట రెండవది. ఈ రెండర్థముల నడుమ చిక్కుకొని మా వంశమున ఒక మనుష్యుడు నూఱేండ్లకు పైగా నలిగిపోయెను. ఆయన మా ముత్తాతగారికి అన్న. మేము పెద్దముత్తాత అందుము. ఆయన ఎక్కడికి పోయెనో, ఎట్లు బ్రదికెనో, ఎన్నడు గతించెనో కాగితములలో వెదకి తెలిసికొన్న వృత్తాంతము నేడు మీకు మనవిచేయుదును.

మాది ద్రాక్షారామము. వ్యవసాయపు కుటుంబము. భీమేశ్వరస్వామివారి గుడి మీలో పెక్కుమంది చూచియే యుందురు. ఆ స్తంభములమీదను గోడలమీదను వందలకొలది శాసనములు చెక్కియున్నవి. వేంగీ చాళుక్యులు, చోళులు, వారి మంత్రులు, సేనాపతులు, వారి యిండ్ల యాడువారు స్వామికి అఖండదీపములు పెట్టించి, ఆ సంగతి రాతిపై వ్రాయించిరి. 1923లో సర్కారువారు దక్షిణదేశ శాసనముల నాలుగవ సంపుటమున వీనిని అచ్చువేసిరి. నేను చిన్ననాట ఆ స్తంభముల చుట్టు తిరుగుచు, ఇందులో మావంటి వారి పేరొకటియైనను లేదుగదా యనుకొనెడివాడను. పెద్దవాడనైన తరువాత పండితుల సాయముతో చదివింపగా వేఱు సంగతి తెలిసెను. దీపమునకు నేయి పోయుటకై పశువులను ఒప్పుకొన్న బోయల పేర్లు కూడ ఆ రాళ్ళమీద నున్నవి. రాజు పేరు కీర్తికొఱకు చెక్కిరి. బోయ పేరు నేయి తప్పకుండుటకై చెక్కిరి. చిన్నవారి పేర్లు లోకమున నిలుచుట తఱచుగా ఇట్టిదే. వారి గొప్పకై గాక, వారివలన రావలసిన బాకీకై. ఈ సంగతి నా వెదకులాటలో నాకు చాల పనికివచ్చినది.

మా యింట చెప్పుకొను కథ యిది. కుంఫిణీ ప్రభుత్వము పోయి విక్టోరియా రాణిగారి ప్రభుత్వము వచ్చినదని చాటింపు వేసిన యేడు మా పెద్దముత్తాత ఇల్లు విడిచెను. ఆ ప్రకటన వెలువడినది 1858వ సంవత్సరము నవంబరు 1వ తేదీ. మన లెక్కకు కాళయుక్తి నామ సంవత్సరము. సంక్రాంతి పండుగ వెళ్ళిన పిమ్మట ఒకనాడు తెల్లవాఱుజామున, "కోరంగి దాక పోయి వచ్చెదను" అని భార్యతో చెప్పి, తుండుగుడ్డలో చద్దిమూట కట్టుకొని పోయెను. మఱల రాలేదు. ఇంటిలో అన్నదమ్ములకు మాట పట్టింపు వచ్చినదని కొందఱు, అప్పు తీర్చుటకై పోయెనని కొందఱు అనిరి.

కోరంగి అనగా ఇప్పటివారికి మడచెట్ల అడవి మాత్రమే జ్ఞప్తికి వచ్చును. ఆ కాలమున అది రేవు పట్టణము. ఓడలు కట్టుటకును, పాత ఓడలు బాగుచేయుటకును పేరుపొందినది. 1789లోను, 1839లోను ఉప్పెనలు వచ్చి ఆ యూరిని తుడిచిపెట్టినవి. గోదావరి ఒండ్రు క్రమముగా రేవును పూడ్చివైచినది. ఐనను మన తీరపు కూలివాండ్ర కదియే సముద్రద్వారము. బర్మాలో తెలుగువారినందఱిని కోరంగీలని పిలుచుటకు కారణ మిదియే. కోరంగికి పోయి వచ్చెదనన్న మాటలో ఎంత దూరమైనను ఇమిడియుండవచ్చును.

కొన్నాళ్ళకు, ఆయన మోరిసు దీవికి పోయెనని కోరంగి సరంగు లెవరో చెప్పగా వినవచ్చెను. అందఱు దీవాంతరము పోయెననిరి. అదే 1858వ యేట ఇంగ్లీషువారు అండమాను దీవులలో ఖైదీల వలస పెట్టిరి. సిపాయిల కలహమున పట్టుబడినవారిని అక్కడికే పంపుచున్నారని ఊరూర చెప్పుకొనుచుండిరి. దానితో మాట మాఱిపోయెను. దీవాంతరము పోయినవాడు దీవాంతరశిక్ష పడినవా డయ్యెను. ఏమి నేరము చేసెనో పుట్టించి చెప్పువారును బయలుదేరిరి. మా తాతగారి పెండ్లి సంబంధము లొకటి రెండు ఈ మాటవలననే తప్పిపోయెనట.

ఆయన పోవునాటికి భార్యకు పదునాఱు పదునేడేండ్లు. సంతానము లేదు. ఆమె పుట్టింటికి పోక అత్తవారియింటనే యుండిపోయెను. పండ్రెండేండ్లు జాడ తెలియనివానికి దర్భలతో బొమ్మచేసి దహనసంస్కారము జరిపించుట మనవైపు ఆచారము. పండ్రెండేండ్లు నిండగనే కులపెద్దలు పంచలో కూర్చుండి ఆ మాట యెత్తిరి. ఆమె లోపలినుండి వచ్చి గుమ్మమున నిలిచి, "శవమును చూపినవారు నా బొట్టు తుడువుడు" అనెనట. ఎవరును మఱి మాటాడలేదు. ఆమె పసుపుకుంకుమలతోనే 1901లో, రాణిగారు పోయిన యేడు, కన్నుమూసెను. పుణ్యస్త్రీకి చేయవలసిన విధముననే ఆమెకు చేసిరి.

ఈ కథ నాకు చెప్పినది మా మామ్మ. ఆమె కోడలిగా వచ్చిన నాటికి ఆ పెద్దావిడ ఇంకను బ్రదికియుండి, గానుగనూనె దీపము ముందు కూర్చుండి ప్రత్తి విడదీయుచు ఉండెడిదట. "ఆవిడ ఒక్క గింజ పోనిచ్చేది కాదురా" అని మా మామ్మ చెప్పెడిది. ఏటేట మహాలయ అమావాస్యనాడు మా నాయనగారు సప్తగోదావరిలో స్నానము చేసి, పెద్దలందఱి పేర స్వయంపాకము లిచ్చునపుడు, ఈయన పేరువద్దకు వచ్చుసరికి ఒక తడబాటు. పోయినట్లు నిశ్చయము లేదు. తిథి తెలియదు. నేరస్థుడను మాట మనసులో నొకమూల. పేరు చెప్పియు చెప్పనట్లు దాటవేసెడివారు. ఆ తడబాటు నాకు బాగుండెడిది కాదు. పనినుండి విరమించిన తరువాత తీఱిక చిక్కగా, ఈ మనుష్యుని సంగతి తేల్చవలెనని నిశ్చయించుకొంటిని.

మొదట ఇంటిచుట్టు వెదకితిని. జనాభా లెక్కలలో దొరకునని కొందఱు మిత్రులు చెప్పిరి. మనదేశమున క్రమముగా పదేండ్లకొకమాఱు లెక్క తీయుట 1871 ప్రాంతమున ఆరంభమైనది; అందు మిగిలినవి అంకెలేగాని మనుష్యుల పేర్లు కావు. ఇంగ్లండులో ఒకడు తన తాతముత్తాతలను వెదకవలెనన్న జనాభా పత్రములలోనే ఇంటింటి పేర్లు, వయస్సులు కానవచ్చును. మనకా సౌకర్యము లేదు. మనకున్నది కరణముల లెక్క. భూమి యున్నచోట పేరుండును, శిస్తు కట్టవలెను గనుక.

1860లలో మన డెల్టాకు సర్వే జరిగి రైత్వారీ సెటిల్‌మెంటు అయినది. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన తరువాత కాలువ నీరు పాఱిన భూములకు క్రొత్తగా తరములు కట్టిరి. ఆ పాతదస్త్రముల నకళ్ళు చూచుటకై నేను చాల కార్యాలయముల మెట్లెక్కితిని. ఆ ప్రయాస యిక్కడ చెప్పను. చెప్పిన సగము ప్రసంగము దానికే సరిపోవును. చివరకు మా పొలము నంబరు దొరకినది. అక్కడ నేను ఎదురుచూచినది ఒకటి, కనబడినది వేఱొకటి.

అన్నతో తగవుపడిన తమ్ముడు, అన్న దూరదేశము పోగానే భూమి తన పేర వ్రాయించుకొని యుండునని నా లోపలి అనుమానము. లోకమున జరుగున దదియేకదా. కాని అక్కడ నున్నది జాయింటు పట్టా. అన్న పేరు ముందు, తమ్ముని పేరు తరువాత. అన్న యూరిలో లేడు, ఉన్నాడో పోయెనో తెలియదు, పైగా ఊరివారు అతనిని ఖైదీ అనుచున్నారు. ఐనను మా ముత్తాత తాను బ్రదికియున్నంత కాలము ఆ పేరు కొట్టివేయింపలేదు. కిస్తీ మాత్రము తానే కట్టుచుండెను. ఆ కాలపు హిందూ ధర్మశాస్త్రము ప్రకారము, ఉమ్మడికుటుంబమున అన్న సంతానము లేక పోయినచో అతని భాగము తమ్మునికే చెందును. వితంతువునకు తిండిబట్టలు మాత్రమే. వితంతువులకు కొంత హక్కు కలిగించిన చట్టము 1937లోగాని రాలేదు. కావున అన్న చనిపోయెనని తేల్చుకొనుటయే తమ్మునికి లాభము. అతడు తేల్చుకొనలేదు. గుమ్మమున నిలిచి మాటాడిన వదినెగారి పక్షముననే పట్టాలో నిలిచెను. ఆ రెండు పేర్ల వరుస చూచిన నాడు మా ముత్తాతమీద నాకు గౌరవము హెచ్చినదని చెప్పుటకు సందేహింపను.

ఇక సముద్రము దాటినవాని మాట. ఆనాడు గోదావరి తీరమునుండి కూలికై పోవుటకు దారులు కొన్నియే. బర్మాకు పోవుదురు, ఐతే అక్కడికి పోయినవారు తిరిగి వచ్చుచు పోవుచు నుందురు. మన ప్రక్కనున్న యానాము ఫ్రెంచివారిది. అక్కడనుండి బూర్బన్ దీవికి, అనగా నేటి రీయూనియనుకు, 1828లోనే తెలుగు కూలీలను తీసికొనిపోయిరి. దక్షిణాఫ్రికాలోని నాటాలుకు తొలి యోడ ట్రూరో అనునది మద్రాసునుండి బయలుదేఱి దర్బాను చేరినది 1860 నవంబరు 16వ తేదీన. మా వాడు అంతకు ముందే పోయెను. ఫిజీకి దక్షిణాదివారు పోవుట 1903 తరువాతి మాట. మా యింట మిగిలిన మాట మోరిసు. అది మారిషస్ దీవి. మారిషస్ తెలుగువారు నేటికిని కోరంగి పేరు మఱవలేదు. 1843లో తమ పెద్దలను తెచ్చిన ఓడ పేరు కోరంగి ప్యాకెట్ అని చెప్పుకొందురు.

ఆ దీవి కథ కొంచెము చెప్పవలెను. అది హిందూమహాసముద్రమున, ఆఫ్రికా ప్రక్కనున్న చిన్న దీవి. ఫ్రెంచివారినుండి ఇంగ్లీషువారు 1810లో తీసికొనిరి. చెఱకు తోటలే దానికి ఆధారము. 1835లో అక్కడ బానిసత్వము రద్దయినది. తోటల యజమానులు అంతకు ముందే మనదేశమువైపు చూచిరి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాసు అను ఓడలో మొదటి కూలీలు దిగిరి. అప్పటినుండి 1910 వఱకు నాలుగున్నర లక్షలమంది వచ్చి దిగినట్లు లెక్కలున్నవి. అందు 1859 ఒక్క యేటనే నలుబది వేలకు మించి దిగిరి. మా పెద్దముత్తాత ఆ నలుబది వేలలో నొకడు.

కూలి యనగా తోటవానికి పెట్టుబడి. ఓడకూలి పెట్టి తెచ్చుకొన్నవాడు పాఱిపోరాదు, ఒకడు మఱొకని పేరు చెప్పుకొని తప్పించుకొనరాదు. అందుచేత దిగిన ప్రతివానికి ఒక నంబరు వేసి, పుస్తకములో ఒక వరుస వ్రాసిరి. పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, కులము, జిల్లా, ఊరు, ఒంటిమీది గుఱుతులు, వచ్చిన ఓడ, పనిలో చేర్చుకొన్న తోట. తరువాత అదే వరుసలో పెండ్లియో, తిరుగు ప్రయాణమో, చావో జరిగినచో దానిని ప్రక్కన చేర్చిరి. ఎక్కించిన చోటికంటె దింపుకొన్న చోటనే పేర్లు పదిలముగా మిగిలినవి. నేతికొఱకు బోయ పేరు రాతిమీద నిలిచినట్లే, చక్కెరకొఱకు మా వాని పేరు కాగితముమీద నిలిచినది. ఆ పుస్తకములు ఇప్పుడు ఆ దీవిలోని మోకా అను ఊరియందు, మహాత్మాగాంధీ పేర నున్న విద్యాసంస్థలో భద్రపఱుపబడియున్నవి. తమ పెద్దలు దిగిన రేవుమెట్లను ఆ దేశమువారు ఆప్రవాసీ ఘాటు అను పేర కాపాడుకొనుచున్నారు. యునెస్కోవారు దానిని 2006లో ప్రపంచవారసత్వపు స్థలముగా గుర్తించిరి.

నేను వ్రాసిన ఉత్తరములకు జవాబు వచ్చుటకు కాలము పట్టినది. వచ్చిన తరువాతను పని సులభము కాలేదు. మనకు ఇంటిపేరు ముందు, పేరు తరువాత. అక్కడి గుమాస్తాలకు ఇంటిపేరనునదే తెలియదు. భీమేశ్వరుని సన్నిధిని ఎన్ని భీమన్నలు, ఎన్ని సోమన్నలు, ఎన్ని వీరన్నలు! చెప్పినవాడు తెలుగువాడు, విన్నవాడు అఱవవాడు, వ్రాసినవాడు ఫ్రెంచి నోటివాడు. మా వాని పేరే ఆఱు విధముల అక్షరములతో పలువురికి కనబడెను. ద్రాక్షారామము అను పేరు వారి చేతిలో ఎంత చిత్రముగా విఱిగిపోయెనో చూచి నవ్వుకొంటిని. కులమను గడిలో కులమే లేదు. తెలుగువా డను నర్థమున జెంటూ అని యున్నది.

నిశ్చయము కలిగించినవి మూడు. తండ్రి పేరు సరిపోయినది. జిల్లా పేరు రాజమంద్రి యని యున్నది. గోదావరి జిల్లా యేర్పడినది 1859లో గనుక, అంతకు ముందు ఊరు విడిచినవాడు రాజమంద్రి యనియే చెప్పవలెను. మూడవది గుఱుతు. ఎడమ కనుబొమ్మపై మచ్చ యని వ్రాసియున్నది. చిన్ననాడు అరక పట్టుకొనబోయి ఎద్దు తల విదిలింపగా కొమ్ము తగిలి ఆయన కనుబొమ్మ చీలెనని మా మామ్మ చెప్పగా పదిమాఱులు వింటిని. వయస్సు ఇరువదియాఱు. ఎత్తు అయిదడుగుల నాలుగంగుళములు. అంతదాక నాకాయన ఒక కథ మాత్రమే. ఎత్తు చదివిన తరువాత మనుష్యుడయ్యెను. గోడకు ఆ కొలత పెట్టి చూచుకొంటిని. నా భుజమునకు పైన, చెవికి క్రింద వచ్చినది.

ఖైదీలను పంపు పద్ధతి వేఱు, ఈ పుస్తకము వేఱు. ఇది మద్రాసులో ఒడంబడిక కుదుర్చుకొని, ఓడ యెక్కి, దిగినవారి పుస్తకము. కావున నేరస్థుడను మాట అక్కడితో తీఱిపోయినది. మా యింటివారికి ఈ సంగతి చెప్పిన దినమున మా పెద్దక్క కన్నీరు పెట్టుకొన్నది. సంబంధములు తప్పిన కాలము ఆమె యెఱుగదు, విన్నది మాత్రమే.

అక్కడ ఆయన బ్రదుకు చెఱకుతోట బ్రదుకు. నెలకు అయిదు రూపాయల జీతము, బియ్యము, పప్పు, ఉప్పు. ఒకదినము పనికి రాకున్నచో ఆ దినపు కూలి పోవుటయేగాక మఱియొక దినపు కూలియు కోయుదురు. దానిని రెట్టింపు కోత యనిరి. ఈ పద్ధతులమీద 1871లో ప్లెవిట్జు అను ఒక తెల్లవాడు తొమ్మిదివేలమందికి పైగా భారతీయులచేత అర్జీ పెట్టించెను; దానిమీద రాణిగారు విచారణసంఘము వేసిరి. అది మా వాని కాలము దాటిన తరువాతి మాట. అయిదేండ్ల గడువు తీఱిన పిమ్మట ఆయన ఏడాది యేడాదికి ఒడంబడిక మార్చుకొనుచు పాంప్లెమూస్ అను జిల్లాలోనే యుండెను. గడువు తీఱగనే యేల తిరిగి రాలేదని మీరడుగవచ్చును. మొదటి రోజులలో తిరుగు ఓడకూలి ఉచితముగా నిచ్చెడివారు. 1850ల తొలినాళ్ళలోనే ఆ నియమము తీసివేసిరి. అప్పు తీర్చుటకు పోయినవాడు, తిరుగు ఓడకూలి తానే కూడబెట్టుకొనవలెను. ఆయన పెండ్లియాడినట్లు పుస్తకములో ఎక్కడను లేదు. అక్కడ సంసారము కట్టుకొని మనలను మఱచెనని మాలో కొందఱనుకొనెడివారు. ఆ గడి ఖాళీగా నున్నది.

1866 చివరను ఆ దీవిలో జ్వరము పుట్టినది. అంతకు ముందు అక్కడ మలేరియా తెలియదు. ఆ జ్వరమును మోయు దోమ ఓడలవెంట వచ్చి చేరినదని తరువాతివారి యభిప్రాయము. 1867లో అది మహామారియై విజృంభించినది. సుమారు మూడు లక్షల చిల్లర జనము గల దీవిలో ఆ యొక్క యేట జ్వరముచేత ముప్పదివేలకు పైగా పోయిరి. పోర్ట్ లూయీ పట్టణమును, దాని ప్రక్కనున్న పాంప్లెమూస్‌ను మిక్కిలి దెబ్బతినినవి. క్వినైను దొరకక దాని వెల బంగారమువలె పెరిగినది. జ్వరమునకు గాలి కారణమనువారు, నీరు కారణమనువారు. దోమ యని యెవరికిని తోపలేదు. దోమ కడుపులో ఆ క్రిమిని కనుగొన్నది ముప్పదియేండ్ల తరువాత, 1897 ఆగస్టులో, మన సికింద్రాబాదులోనే. రొనాల్డు రాసు దొర. ఆయన తరువాత మారిషస్ ప్రభుత్వము పిలువగా 1907లో ఆ దీవికి పోయి జ్వరము నణచు ఉపాయములు చెప్పెను. తెలుగుదేశమున తెలిసిన రహస్యము తెలుగువాడు పోయిన చోటికి చేరుటకు నలుబదియేండ్లు పట్టినది.

ఆయన వరుస ప్రక్కన ఒక్కమాట, చనిపోయెనని. దానిని పట్టుకొని మరణముల పుస్తకములో వెదకించితిని. ఫ్రెంచివారు పెట్టిన పద్ధతి యగుటచేత అక్కడి మరణపత్రము మనదానికంటె వివరమైనది. 1867 ఏప్రిలు చివరివారము. రాత్రి వేళ. గంట కూడ వ్రాసియున్నది. వయస్సు ముప్పదినాలుగు. అప్పటికి ఊరు విడిచి ఎనిమిదేండ్లు దాటినవి. ఇక్కడ ఆమెకు ఇరువదియైదు నిండియుండవు.

ఆ పత్రము తీసికొని సిద్ధాంతిగారి వద్దకు పోయితిని. ఆయన పాతలెక్కలు తీసి, ప్రభవ నామ సంవత్సరము చైత్ర బహుళమని వెంటనే చెప్పెను. తిథి చెప్పుటకు మాత్రము రెండుదినములు గడువు కోరెను. మోరిసు గడియారము మనకంటె గంటన్నర వెనుకకదా, ఆ తేడా యేమి చేయుదురని అడిగితిని. తిథి యనగా సూర్యచంద్రుల నడిమి దూరము, అది ద్రాక్షారామమున ఒకటి, మోరిసున ఒకటి కాదు, గడియారపు గంటను మన గంటకు మార్చుకొన్న చాలునని ఆయన చెప్పెను. ఈ మాట నాకు మిక్కిలి నచ్చినది. ఆ రాత్రి ఆయన తోటబస్తీలో కన్నుమూసినపుడు ఆకాశమున నున్న చంద్రుడే మా పెరటిమీదను ఉండెనన్నమాట.

ఇక పురోహితునితో మాటాడవలసినది మిగిలెను. మైల సంగతి తేలికయే. ఏడాది దాటి విన్న జ్ఞాతిమరణమునకు స్నానముతో శుద్ధి యనిరి. నాకు భారముగా తోచినది వేఱు. 1867 మొదలు 1901 వఱకు ముప్పదినాలుగేండ్లు ఆమె భర్త లేని యిల్లాలై, ఆ సంగతి తెలియక పసుపుకుంకుమలు పెట్టుకొన్నది. పేరంటములకు పిలిచిరి. పెండ్లి పందిళ్ళలో ముందు నిలువబెట్టిరి. పుణ్యస్త్రీగా దహనము చేసిరి. ఇప్పుడీ కాగితము వచ్చి ఆమె బొట్టు తుడువవలెనా? మా బంధువులలో ఒకరిద్దఱు పెద్దవారు ఆ ప్రశ్న వేసిరి కూడ. పురోహితుడు కొంతసేపు ఊరకుండి, "వినని చావు ఆమెకు చావు కాదు, ఆమె పేర జరిగినదంతయు సరిగానే జరిగినది" అనెను. శాస్త్రమున దానికి ఎంత బలమున్నదో నాకు తెలియదుగాని నాకు సమ్మతమే. ఏటేట ఆమె పేర ముత్తైదువకు పెట్టుకొను పసుపు, కుంకుమ, రవికగుడ్డ మా యింట మానలేదు. చైత్ర బహుళమున ఆయన తిథికి స్వయంపాకము చేర్చితిమి. మహాలయమునాడు పేరు తడబడకుండ చెప్పుచున్నాము.

ఆయన ముఖ మెట్లుండెనో చూడవలెనను కోరిక మాత్రము తీఱలేదు. 1867 చివర వచ్చిన శాసనమువలన, గడువు తీఱిన పాతకూలీలందఱు తమ పొటిగ్రాపు అంటించిన చీటి వెంట నుంచుకొనవలెనని నిర్బంధించిరి. కూలీలను వేధించిన శాసనమే యది. చీటి లేనివానిని దారిలో పట్టుకొనెడివారు. కాని దానివలననే వేలమంది మన కూలీల ముఖములు నేటికి మిగిలినవి. మా వాడు దానికి కొన్ని నెలల ముందే దాటిపోయెను. ఎడమ కనుబొమ్మ మచ్చ యొక్కటే మాకు మిగిలిన ముఖము.

ఇంకొక సంగతి కలదు. నేనీ ప్రసంగమునకు ఒప్పుకొన్నది ముఖ్యముగా దానికొఱకే. మరణపత్రమునకు సాక్షులు కావలెను. చావు చూచినవారు కచ్చేరీకి నడచిపోయి చెప్పవలెను. జ్వరపు రోజులలో, తానును వణకుచు, ఒకడు పోయి ఈ చావును వ్రాయించెను. సంతకము రాదు గనుక అడ్డగీటు నిలువుగీటు గీసెను. అదే తోటలో కూలి. వయస్సు ముప్పది. నంబరు పట్టుకొని అతని వరుస తీయింపగా, ఊరు ఇంజరమని యున్నది. యానాము ప్రక్కనున్న మన యింజరమే. ఒకనాడు ఇంగ్లీషువారి బట్టల గిడ్డంగి యుండిన యూరు. కుడిచేతిమీద పచ్చబొట్టు గలదు. అతని వరుసలో చనిపోయెనని లేదు, తిరిగి వచ్చెననియు లేదు. పేరు, తండ్రి పేరు నావద్ద నున్నవి. వినువారందఱి యెదుట ఒక యింటివారి పేరు చెప్పుట తగదు గనుక చెప్పను. ఇంజరము, నీలపల్లె, తాళ్ళరేవు వైపు పెద్దలలో, తమ వంశమున ఒకడు రాణిగారి చాటింపు నాటి రోజులలో కోరంగి పోయి తిరిగి రాలేదని విన్నవారుండినచో, కుడిచేతి పచ్చబొట్టు ఏ బొమ్మయో తెలిసినచో, నాకొక కార్డు వ్రాయుడు. 1867 ఏప్రిలు చివర వఱకు అతడు బ్రదికియున్నాడు. మా వానికి తుదినీళ్ళు పోసినది అతడే అయి యుండును.